కిష్టవ్వ నమ్మని నీళ్లు

కిష్టవ్వ ఎవర్నీ నమ్మేది కాదు. నింద వేయడం లేదు. రెండేళ్లు ఆమె మగడి పక్క మంచం మీద పడుకున్నవాణ్ణి, చూసిందే చెబుతున్నాను.

కరీంనగర్‌లో మా ధర్మాసుపత్రి రెండో అంతస్తులో డయాలసిస్ వార్డు ఉంది. ఆరు మంచాలు, ఆరు మిషన్లు. సోమ, బుధ, శుక్రవారాల పొద్దుటి షిఫ్టు మాది. కిటికీ పక్క మంచం అంతయ్యది, దాని పక్కది నాది. నాలుగు గంటల సేపు మిషన్ మన ఒంట్లో రక్తాన్ని బయటికి లాగి, కడిగి, మళ్లీ లోపలికి పంపుతుంది. ఆ నాలుగు గంటలూ కిష్టవ్వ అంతయ్య కాళ్ల దగ్గర ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుని, వచ్చేపోయే ప్రతి మనిషినీ పైనుంచి కింది దాకా చూసేది.

నేను మందమర్రి గనిలో లాంప్ రూం గుమస్తాగా ముప్పై ఏళ్లు చేసి దిగినవాణ్ణి. గనిలోకి పోయేవాడికి దీపం ఇవ్వడం, పైకి వచ్చాక తిరిగి తీసుకోవడం నా పని. రిటైరయ్యాక షుగరు నా కిడ్నీలను తినేసింది. భార్య లేదు. కరీంనగర్‌లో బిడ్డ ఇంట్లో ఉంటున్నాను. నోరు కొంచెం దురుసు, వార్డులో అందరికీ తెలుసు. కిష్టవ్వకు నాకు పడడానికి అదే కారణమనుకుంటాను.

ఆమెది చొప్పదండి. పన్నెండో ఏట బీడీల చాట ఒళ్లో పెట్టుకుంది. బీడీల కార్ఖానా వాళ్లు ఇచ్చే తంబాకు తూకంలో తక్కువ, తీసుకునే బీడీల లెక్కలో ఎక్కువ. లావుందనో, సన్నగుందనో గుప్పెడు బీడీలు తీసి కళ్ల ముందే విరిచి పారేసేవాళ్లు. నలభై ఏళ్లు ఆ కార్ఖానా కిటికీ ముందు నిలబడిన మనిషి ఇంకెలా తయారవుతుంది? కూరగాయలవాడి తక్కెడ కింద చెయ్యి పెట్టి చూసేది. నర్సు ఇంజెక్షన్ సీసా మూత తన ముందు విప్పితేనే ఒప్పుకునేది. ఆసుపత్రి నల్లా నీళ్లు ముట్టేది కాదు. ఇంటి నుంచి డబ్బాలో తెచ్చుకునేది.

అంతయ్య తద్విరుద్ధం. చుట్టుపక్కల అంగళ్లలో ఎడ్ల బేరాలు కుదిర్చేవాడు. మాటే అతని బతుకు. మిషన్ మీద పడుకుని కూడా నర్సులకు పెళ్లి సంబంధాలు చెప్పేవాడు. "మా కిష్టి దేవుణ్ణి గూడ ఎద్దు లెక్క పండ్లు చూసి కొంటది" అని అతను పకపకా నవ్వుతుంటే ఆమె మొహం మాడ్చుకునేది.

ఆమె అనుమానమంతా ఫయాజ్ మీద. ఫయాజ్ మా మిషన్ల టెక్నీషియన్, ముప్పై దాటిన మనిషి, మితభాషి. డయాలసిస్‌కు రెండు డబ్బాల మందు నీళ్లు కావాలి. ఒకటి కంపెనీ నుంచి సీలుతో వస్తుంది. రెండోది ఆసుపత్రిలోనే తయారు చేస్తారు: తెల్ల పొడిని ఫిల్టరు నీళ్లలో పోసి కలుపుతారు. మిషన్ ఆ రెంటినీ ఇంకా బోలెడన్ని ఫిల్టరు నీళ్లలో కలిపి రక్తం పక్కనుంచి పారిస్తుంది. ఆ నీళ్లు మిద్దె మీది ట్యాంకు నుంచి పక్క గదిలోని ఫిల్టరు ప్లాంటులోకి వస్తాయి. ఫయాజ్ పొడి కలుపుతుంటే కిష్టవ్వ గుమ్మంలో నిలబడేది.

"ఏ ఫయాజూ, గా పాకీటు మీద తారీఖు సూపియ్యి."

"రోజు సూస్తున్నవ్ గదమ్మా."

"నిన్న సూసింది నిన్నటిది. ఇయ్యాలటిది సూపియ్యి."

అతను విసుక్కోకుండా చూపించేవాడు. ఆమెకు చదువు రాదు. అయినా పాకెట్టును అటు తిప్పి ఇటు తిప్పి చూసి, నా దగ్గరికి తెచ్చి చదివించుకుని, నేను సరిగా చదివానా లేదా అని నర్సు వినోదను కూడా అడిగేది.

ఆ ఏడు వానలు మొదలవగానే ఆసుపత్రి బోరు మోటారు కాలిపోయింది. ట్యాంకర్లతో నీళ్లు తెప్పించడం మొదలుపెట్టారు. కిష్టవ్వ ఊరుకుంటుందా? వాచ్‌మన్ మల్లన్నను బతిమాలి, బెదిరించి మిద్దె ఎక్కి ట్యాంకు మూత తీయించింది. లోపల నీళ్లు ఎర్రగా ఉన్నాయట, కుంట నీళ్లలాగా. కిందికి దిగి వచ్చి వార్డు దద్దరిల్లేలా అరిచింది.

"గీ బురద నీళ్లనా మా మనుషుల రక్తంల కలుపుతున్నరు? మీ ఇండ్లల్ల తాగుతరా గివి?"

ఫిల్టరు ఉందని మేనేజర్ చెప్పాడు. ఆమెకు ఫిల్టరు మీదా నమ్మకం లేదు. తర్వాతి షిఫ్టుకు కిరాణా దుకాణం నుంచి పటిక గడ్డ తెచ్చింది. మన ఊళ్లలో తెలియంది ఎవరికి? వానకాలం బిందెలో నాలుగు తిప్పులు తిప్పితే మట్టి అడుక్కు దిగి నీళ్లు తేటగా అవుతాయి. ఆమె పటికను పాత చీర ముక్కలో మూటకట్టి, ట్యాంకర్ పైపు నీళ్లు పడేచోట తాడుతో వేలాడదీసింది. ఒక్క రోజులో ట్యాంకు అడుగు కనిపించింది. మల్లన్న వార్డుకు వచ్చి మరీ చెప్పాడు. నాలుగో మంచం రామవ్వ కిష్టవ్వకు దండం పెట్టింది. అప్పటినుంచి వారం వారం కరిగిన పటిక స్థానంలో కొత్త పటిక. ఆఫీసు వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెబితే వద్దంటారని భయం.

దసరా పోయాక, ఒక శుక్రవారం మస్కట్ నుంచి కొడుకు వెంకటేశ్ ఫోన్ చేశాడు. శుక్రవారం అక్కడ సెలవు కాబట్టి ప్రతి వారం అదే వేళకు చేసేవాడు. కిష్టవ్వ ఫోన్‌ను అంతయ్య చెవి దగ్గర పట్టుకుంది. అంతయ్య "వెం... వెం..." అని ఆగిపోయాడు. పెదాలు ఆడుతున్నాయి గాని పేరు రావడం లేదు. నవ్వి తప్పించుకుందామని చూశాడు, ఆ నవ్వు కూడా సగంలోనే ఆగిపోయింది. అటువైపు కొడుకు అరుస్తున్నాడు, "అవ్వా, బాపుకు ఏమైంది? బాపు మాట గట్లయిందేంది?"

తలకు స్కానింగ్ తీశారు. ఏమీ లేదన్నారు. వయసు అన్నారు, బీపీ అన్నారు. వారం వారం అంతయ్య మాట ముక్కలవుతూ పోయింది. "నీళ్లు" అనాలంటే గిలాస వైపు వేలు చూపేవాడు. నిద్రలో చేతులు ఎగిరెగిరి పడేవి. ఎడ్ల బేరం చేసిన నోరు అలా అయిపోతుంటే చూడలేక నేను గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి.

కిష్టవ్వ మాత్రం గోడవైపు తిరిగే మనిషి కాదు.

"వయసంట వయసు. మిషన్ మీదికి వచ్చినప్పుడు కోకిల లెక్క మాట్లాడిండు. గీడికి వచ్చినంకనే పోయింది. గీడనే ఏదో ఉన్నది అన్నా."

నిజం చెబుతున్నాను, ఆమె అనుమానం నాకూ అంటుకుంది. నా కుడిచెయ్యి కూడా అప్పుడప్పుడు ఎగిరిపడుతోంది. పొద్దున లేవగానే రైల్వే స్టేషన్ల పేర్లు వరసగా చెప్పుకునేవాణ్ణి, మందమర్రి, రవీంద్రఖని, మంచిర్యాల, రామగుండం. ఒకరోజు మంచిర్యాల దగ్గర ఆగిపోయాను. పేరు తెలుసు, నాలుక మీదికి రాదు. ఆ రోజు నాకు పుట్టిన భయం ఎవరితోనూ చెప్పుకోలేదు, బిడ్డతో కూడా. రామవ్వకు నడుము ఎముకల నొప్పి మొదలై మంచం దిగలేకపోతోంది. మంచాల మీద ఆరుగురమూ ఒకరి మాట ఒకరం జాగ్రత్తగా వింటున్నాం, ఎవరు ఎక్కడ తడబడతారా అని. నర్సు చేతిలో సూది చూసినా, టీ తెచ్చిన ఆయాను చూసినా అనుమానమే.

ఒక సోమవారం కిష్టవ్వ ఖాళీ డబ్బా అడుగున ఎండిపోయిన తెల్ల పొడి గీకి ప్లాస్టిక్ కవర్లో వేసుకుంది. నేరుగా మేనేజర్ గదిలోకి పోయి బల్ల మీద పెట్టింది.

"గీ ఫయాజు పొడిల ఏందో కల్తీ చేస్తుండు. అసలు పొడి బయట అమ్ముకుంటుండేమో. మా ఆయనకు మాట పడిపోయింది, రామవ్వకు నడుం పోయింది. పోలీసు ఠాణాకు పోవాల్నా, మీరే సూస్తరా?"

పోలీసుల పేరు వినగానే మేనేజర్, విచారణ అయ్యేదాకా రావద్దని ఫయాజ్‌ను పంపించేశాడు. పోయే ముందు ఫయాజ్ వార్డులోకి వచ్చి ఒక నోటుబుక్కు తెరిచి కిష్టవ్వ ముందు పెట్టాడు.

"అమ్మా, ఫిల్టర్ల వడగట్టే పొర, గా మెంబ్రేన్ ఖరాబైంది, మార్చాలె అని మార్చి నుంచి రాస్తున్న. ఒక్కరు సంతకం పెట్టలే. నేను పొడిల ఏం కలపలే. మా అమ్మీ మీద ఒట్టు."

"రాతలకేంది, నిన్న పొద్దుగూకేటాళ్లకు కూసోని రాసి ఉండచ్చు" అంది కిష్టవ్వ.

అతను నోటుబుక్కు నా మంచం మీద పెట్టి వెళ్లిపోయాడు. నేను తిరగేశాను. నీలం సిరా, నల్ల సిరా, మధ్యలో టీ మరకలు. ఒక్క సాయంత్రంలో రాసింది కాదని చూస్తేనే తెలుస్తుంది. లాంప్ రూంలో ముప్పై ఏళ్లు రిజిస్టరు రాసిన నాకు ఆ మాత్రం తెలియదా? అయినా నోరు మెదపలేదు. ఎవడో ఒకడు దొంగ దొరికితే నా నాలుక బాగుపడుతుందని ఆశ.

కొత్త టెక్నీషియన్ వచ్చాడు. కొత్త పొడి వచ్చింది. మూడు వారాలైనా అంతయ్య మాట రాలేదు, ఇంకా పడిపోయింది. ఇప్పుడు కిష్టవ్వకు ఎవర్ని అనుమానించాలో తెలియక పిచ్చెక్కినట్టయింది. అప్పుడే కొత్తగా చేరిన డాక్టర్ దీపిక రౌండ్స్‌కు వస్తే దారికి అడ్డం నిలబడింది.

"మేడం, పొడిని పరీక్ష చేయించు, డబ్బాను చేయించు, నీళ్లను చేయించు. అన్ని చేయించు. నాకు గీ దవఖానల దేని మీద నమ్మకం లేదు."

దీపిక ఆమెను తోసేయలేదు. మా ఆరుగురి మంచాల దగ్గరా నిలబడి ఒక్కొక్కరి చేత మాట్లాడించింది, చేతులు చాపించింది, రక్తం తీయించింది. ఆమె మొహం చూస్తే ఏదో అనుమానం ఆమెకూ వచ్చిందని అర్థమైంది. హైదరాబాద్ ల్యాబుకు సీసాలు పంపింది. కిష్టవ్వ ప్రతి సీసా మూతకు బీడీలు కట్టే దారం చుట్టి, తనకు మాత్రమే తెలిసిన ముడి వేసింది, దారిలో ఎవరూ మార్చకుండా.

పది రోజుల తర్వాత దీపిక కాగితాలతో వార్డుకు వచ్చింది. వెంట మేనేజర్, మల్లన్న.

"పొడిలో ఏ దోషమూ లేదు. కంపెనీ డబ్బాలోనూ లేదు. నీళ్లలో ఉంది. అల్యూమినియం, మనం వండుకునే సిల్వర్ గిన్నెల లోహం. ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉంది. మీ రక్తంలోనూ ఉంది. మాట పోవడం, ఎముకల నొప్పులు, అన్నీ దానివల్లే."

"అల్యూమినియం ఎక్కణ్ణుంచి వస్తది మేడం? మన పైపులన్నీ ప్లాస్టిక్‌వే" అన్నాడు మేనేజర్.

"ట్యాంకులో ఎవరైనా పటిక వేస్తున్నారా?"

 దీపిక నెమ్మదిగా వివరించింది. పటికలో ఉండేది ఆ లోహమే. నీళ్లు తాగితే కడుపు చాలావరకు బయటికి పంపేస్తుంది. మిషన్‌లో అలా కాదు, ఒక్క షిఫ్టులో నూట ఇరవై లీటర్లు రక్తం పక్కనుంచి పారతాయి. పనిచేయని కిడ్నీలు ఆ లోహాన్ని బయటికి పంపలేవు. మల్లన్న నేల చూపులు చూస్తున్నాడు.

"ఆ ఫయాజే వేసుంటడు. వానికి ఒక తెలివా పాడా" అన్నాడు మేనేజర్.

కిష్టవ్వ స్టూలు మీంచి లేచింది. 

"ఆ పిలగాడు గాదు. నేనే ఏసిన. ఆషాఢం నుంచి ఏస్తనే ఉన్న. నీళ్లు ఎర్రగున్నయని ఏసిన" అని, అంతయ్య వైపు తిరిగి, "నేనే ఏసిన" అని మళ్లీ అంది.

అంతయ్యకు ఏం అర్థమైందో తెలియదు. ఆమె కొంగు పట్టుకుని కూర్చోమని లాగాడు.

దీపిక ఆమె భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. మంచి మెంబ్రేన్ ఉంటే పటిక లోహం దాదాపు అంతా అక్కడే ఆగిపోయేదని, తప్పు ఆసుపత్రిదని మేనేజర్ మొహం మీదే చెప్పింది. నేను ఫయాజ్ నోటుబుక్కు తీసి దీపిక చేతికి ఇచ్చాను. మార్చి నుంచి ఒక్కో తేదీ ఆమె గట్టిగా చదువుతుంటే మేనేజర్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆ రోజే పక్క ఆసుపత్రికి మమ్మల్ని మార్చారు. కొత్త మెంబ్రేన్ వచ్చి, ట్యాంకు కడిగాక మమ్మల్ని తిరిగి తెచ్చారు, ఒంట్లోంచి లోహాన్ని లాగే ఇంజెక్షన్లు మొదలయ్యాయి.

కిష్టవ్వ ఫయాజ్ ఇంటికి వెళ్లింది. అతని తల్లి సుల్తాన్ బీ తలుపు తీసి, ఎవరో తెలుసుకుని, మాట్లాడకుండా లోపలికి పోయిందట. ఫయాజే బయటికి వచ్చాడు. "తప్పయింది బిడ్డా" అంటే, "నువ్వు రోజు తారీఖు అడుగుతవని నేను గూడ పాకీటు రెండుసార్లు సూస్తుంటి అమ్మా" అన్నాడట. అతను మళ్లీ పనిలోకి వచ్చాడు. సుల్తాన్ బీ మాత్రం ఆమెను క్షమించలేదు. అందులో నాకు తప్పేం కనిపించదు.

మెల్లగా రామవ్వ లేచి నడిచింది. నా నాలుక మీదికి మంచిర్యాల తిరిగొచ్చింది. అంతయ్య మాట రాలేదు. అందరికంటే పెద్దవాడు, ఒంట్లో సత్తువ ముందే పోయింది. జనవరి చివర్లో చొప్పదండిలో ఇంట్లోనే పోయాడు. మస్కట్ నుంచి వచ్చిన కొడుకును చూసి పెదాలు ఆడించాడట, శబ్దం రాలేదట.

పెద్దదినం కర్మ అయ్యాక ఒక బుధవారం కిష్టవ్వ ఆసుపత్రికి వచ్చింది. అంతయ్య ఫైలు, ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన దుప్పటి ఉతికి మడతపెట్టి తెచ్చింది. వాటిని నర్సుకు ఇచ్చి నా మంచం దగ్గరికి వచ్చి నిలబడింది. కిటికీ పక్క మంచం మీద ఎవరో కొత్త మనిషి ఉన్నాడు.

"అన్నా, ఒక్క మాట అడుగుత. డాక్టరమ్మ నాది తప్పు గాదంటది. మూడుసార్లు చెప్పింది. ఫిల్టరు మంచిగుంటే ఏం గాకపోవునంటది. గది నిజమేనా?"

"నిజమే చెల్లె" అన్నాను.

"ఫయాజు గూడ గదే అంటడు. మా కొడుకు గూడ గదే అంటడు. అందరు ఒక్క తీర్గ చెప్తున్నరు. అందరు ఒక్క తీర్గ చెప్తే నాకు నమ్మబుద్ధి గాదన్నా."

ఆమె కళ్లు నా మొహం మీదే ఉన్నాయి. అప్పుడు చెప్పాను, ఇంతవరకు మీకూ చెప్పనిది. వానలు మొదలైన కొత్తలో ఆమె పిడికెడంత పటిక గడ్డ తెచ్చి నాకు చూపించింది. "అంత పెద్ద ట్యాంకుకు గింత గడ్డ ఏం సరిపోతది? గిసుంటివి నాలుగు వేయాలె" అన్నది నేను. పెద్ద తెలివిగలవాడినని చెప్పాను. ఆమె నా మాట విని నాలుగు గడ్డలు కట్టింది. దీపిక ఆ రోజు అడిగినప్పుడు ఆమె లేచి నిలబడింది. నేను దుప్పటి మెడ దాకా లాక్కుని పడుకున్నాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది గాని నోరు తెరవలేదు.

ఇదంతా ఆమెకు చెప్పాను. మధ్యలో మాట తడబడింది. ఈసారి లోహం వల్ల కాదు.



"నాకు యాదికున్నది అన్నా" అంది కిష్టవ్వ. "ఆ దినం నీ పేరు చెప్తనేమోనని నువ్వు బుగులుపడ్డది గూడ సూసిన. మంచం మీద ఉన్నోని పేరు ఎందుకని చెప్పలే. ఎన్నటికన్న నువ్వే చెప్తవేమోనని సూస్తున్న."

నేను దుప్పటి కిందికి తోసి తలెత్తి ఆమె వైపు చూశాను.

"గిది చెప్పినవ్ గన్క, డాక్టరమ్మ మాట నిజమని నువ్వన్నది గూడ నమ్ముత" అని ప్లాస్టిక్ స్టూలు లాక్కుని నా కాళ్ల దగ్గర కూర్చుంది. కూర్చున్నాక కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, అంతయ్య పోయిన నాటి నుంచి ఏడవని ఏడుపంతా ఏడ్చింది.